చింతగింజల బడ్జెట్

ఊరి నుంచి వచ్చిన చింతపండుకు మా ఆవిడ గింజలు తీస్తూ కూర్చుంది. పక్కన చేరి వంద గింజలు లెక్కపెట్టి జేబులో వేసుకున్నాను. "ఈ వయసులో అష్టాచెమ్మా ఆడతారా?" అంది. కాదు, దేశం అప్పు తీర్చాలి అన్నాను. "ముందు పాలబ్బాయి బాకీ తీర్చండి, మొన్నటి నుంచి అడుగుతున్నాడు" అని చేట పట్టుకుని లోపలికి పోయింది.

సంగతేమిటంటే, రామమూర్తి నగర్‌లో మా ఇంటి దగ్గరి పార్కులో పొద్దున్నే నడిచే బ్యాచ్ ఒకటుంది మాది. ఆరుగురం. ఒక్క నెల్లూరాయన తప్ప అందరం పిల్లల ఉద్యోగాల వెనకే బెంగళూరు చేరినవాళ్లం. ఆయన ముప్పై ఏళ్లుగా ఇక్కడే గ్రానైట్ వ్యాపారం చేస్తున్నాడు. బ్యాంకులో మేనేజరుగా రిటైరైన ఒకాయన, హైస్కూల్లో లెక్కలు చెప్పిన టీచరమ్మ, ఆవిడ భర్త (ఈయన సెంట్రల్ గవర్నమెంటులో చేసి దిగిపోయాడు), మదనపల్లె వైపు టమాటా రైతు ఒకాయన, నేను. రైతు ఆర్నెల్లు కొడుకు దగ్గర, ఆర్నెల్లు చేను దగ్గర ఉంటాడు. నేను రాయలసీమలో సబ్ ట్రెజరీల్లో ముప్పై ఆరేళ్లు రాష్ట్ర ప్రభుత్వ బిల్లులు పాస్ చేసి 2017లో దిగాను. అందుకే వీళ్లకు నేను ట్రెజరీ సార్‌ని. నాలుగు రౌండ్లు నడిచి దర్శిని ముందు, అంటే నిలబడి తినే చిన్న హోటలు ముందు, ఒకటి ఇద్దరు పంచుకునే బై టూ కాఫీ తాగుతాం. చర్చలన్నీ అక్కడే.

మొన్న సోమవారం నెల్లూరాయన ఫోనులో వచ్చిన మెసేజ్ గట్టిగా చదివాడు. దేశం అప్పుల్లో మునిగిపోతోంది, ప్రభుత్వాలు ఖర్చు సగానికి కోసెయ్యాలి, ఇదీ సారాంశం. అందరూ తలలూపారు. నేనూ ఊపాను. ఇంటికొచ్చి స్నానం చేస్తుంటే సిగ్గేసింది. ఏ పద్దుదో చెప్పే హెడ్ ఆఫ్ అకౌంట్ చూడకుండా జీవితంలో ఒక్క బిల్లు మీద సంతకం పెట్టనివాణ్ణి, ఏ పద్దులో కొయ్యాలో అడక్కుండానే తలూపేశానే అని. అందుకే ఈ గింజలు.

కేంద్ర బడ్జెట్ కాగితాల్లో ఏటా ఒక బొమ్మ ఉంటుంది. రూపాయి ఎక్కణ్ణుంచి వస్తుంది, ఎక్కడికి పోతుంది అని పైసల్లో చూపిస్తారు. 2025-26ది చూసి రాసుకున్నాను. మర్నాడు పార్కులో సిమెంటు బెంచీ మీద పేపరు పరిచి, పైసకో గింజ చొప్పున కుప్పలు పోశాను. రాష్ట్రాలకు పన్నుల్లో వాటా 22 గింజలు. వడ్డీలకు 20. కేంద్రం సొంత పథకాలకు 16. రాష్ట్రాలతో కలిసి నడిపే పథకాలకు 8, రాష్ట్రాలకిచ్చే ఫైనాన్స్ కమిషన్ గ్రాంట్లు, అలాంటి బదిలీలకు 8. రక్షణకు 8. సబ్సిడీలకు 6. పెన్షన్లకు 4. ఇతర ఖర్చులు అని ఇంకో 8. ఒక్కో గింజ ఉరమరగా 65,000 కోట్లు.

"ఇందులో 24 గింజలు మనవి కావు, అప్పుగా తెచ్చినవి" అని చెప్పాను. టీచరమ్మ లెక్కల మనిషి కదా, ఆవిడ చూపు వెంటనే వడ్డీ కుప్ప మీద పడింది. "అంటే 24 అప్పు తెచ్చి 20 వడ్డీకే కడుతున్నామా?" అంది. ఒక నిమిషం ఎవరం మాట్లాడలేదు. చేబదులు తెచ్చి చీటీ కట్టే సంసారాలు అందరం చూసినవే.

అప్పు మొత్తం తీర్చమని నేను అడగలేదు. ప్రభుత్వం అప్పులకు కళ్లెం వెయ్యడానికి 2003లో చేసిన ఎఫ్‌ఆర్‌బీఎం చట్టం ద్రవ్యలోటు, అంటే ఏడాదిలో అప్పుతో పూడ్చే ఖర్చు, జీడీపీలో (దేశం ఏడాది ఉత్పత్తి విలువలో) 3 శాతం దగ్గర ఉండాలంది. కోవిడ్ ఏడాది 2020-21లో అది 9.2 శాతానికి పోయి, 2025-26 బడ్జెట్‌లో 4.4కు దిగింది. 3కు రావాలంటే సుమారు ఎనిమిది గింజలు తియ్యాలి. "ఎనిమిదే. తలా ఒకటి తీసినా ఆరవుతాయి. కానివ్వండి" అన్నాను.

నెల్లూరాయన ముందుకొచ్చాడు. "ఎంపీల జీతాలు పీకెయ్యండి సార్." ఎంపీకి నెలకు 1,24,000 జీతం, 2023 ఏప్రిల్ నుంచి. రెండు సభలూ కలిపి 788 సీట్లు. టీచరమ్మ అక్కడికక్కడే లెక్క కట్టింది, ఏడాదికి 117 కోట్లు. అలవెన్సులు, ఫ్లైట్ టికెట్లు కలిపి ఇంకెన్ని రెట్లు వేసుకున్నా 65,000 కోట్ల గింజకు గోరుతో గీసినంత పొట్టు కూడా రాలదు. ఆయనకు నచ్చలేదు. "సూత్రం కోసమైనా తియ్యాలి" అన్నాడు. సరేనని గింజను కొంచెం గీకాను.

తర్వాత అందరూ సబ్సిడీ కుప్ప మీద పడ్డారు. ఆరు గింజల్లో మూడు బియ్యం, గోధుమలవి. మనిషికి నెలకు ఐదు కిలోల చొప్పున 80 కోట్ల మందికి పైగా 2023 జనవరి నుంచి పూర్తిగా ఉచితం. టీచరమ్మ భర్త ఒకటి తియ్యబోయాడు. రైతు ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "ఆ బియ్యం అమ్ముకునేటోళ్లు ఉండారు సార్, కాదన్ను. మా ఊర్లోనే ఉండారు. తినేటోళ్లు కూడా ఉండారు. మీరు తీసే గింజ ఎవురిదో ఎట్లా తెలుస్తాది?" ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇంకో రెండున్నర గింజలు ఎరువులవి. వాటి మీద రైతే అరచెయ్యి పెట్టేశాడు. యూరియా బస్తా 266 రూపాయలకు దొరుకుతున్నదంటే ఆ గింజల పుణ్యమే.

ఇక్కడ నాకో పాత సంగతి గుర్తొచ్చింది. 1991లో దేశం బంగారం కుదువ పెట్టుకున్న రోజులు. ప్రధాని మన పి.వి. నరసింహారావు, ఆర్థిక మంత్రి మన్మోహన్ సింగ్. జూలై బడ్జెట్‌లో ఎరువుల ధర 40 శాతం పెంచుతామన్నారు. సొంత పార్టీ వాళ్లే ఊరుకోలేదు. చివరికి 30కి దించి, చిన్న రైతులను వదిలేశారు. విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకు కూడా చాలని ఏడాదిలోనే సంగతి అదీ. మా బెంచీ దగ్గర అంతకన్నా గొప్పగా జరుగుతుందని నేనెలా అనుకున్నానో!

రక్షణ కుప్ప దగ్గర ఎవరూ చెయ్యి కూడా చాపలేదు. వడ్డీ కుప్ప దగ్గర నెల్లూరాయన మీసం దువ్వాడు. "కట్టం పొమ్మంటే ఏం చేస్తారు సార్?" బ్యాంకాయన కాఫీ పొలమారేలా నవ్వాడు. "కట్టాల్సింది ఎవరికనుకున్నావు రెడ్డీ? బ్యాంకు డిపాజిట్లలో నూటికి పద్దెనిమిది రూపాయలు ప్రధానంగా ప్రభుత్వ బాండ్లలో పెట్టాలని రూలు. ఎల్‌ఐసీ ప్రీమియం పోయేదీ ఎక్కువగా అక్కడికే, పీఎఫ్ అంతే. ఆ ఇరవైలో నీ ఎఫ్‌డీ వడ్డీ కూడా ఉంది, తీసేస్తావా?" మీసం దువ్వడం ఆగింది.

ఆ తర్వాత పెన్షన్ల కుప్ప. నాలుగు గింజలు. ఐదుగురూ నా వైపే చూశారు. మాలో సర్కారు ఉద్యోగాలు చేసినవాళ్లం పాత పెన్షన్ వాళ్లం, మా తర్వాత 2004 నుంచి చేరినవాళ్లకు అది లేదు. మా అబ్బాయికి అసలు పెన్షనే లేదు. "ఇది కేంద్రం కుప్పండీ, నాది రాష్ట్ర పెన్షను" అన్నాను. నిజమే చెప్పాను. కానీ ఆ నిజం ఎంత గబుక్కున నోట్లోంచి వచ్చిందో నాకే వినిపించింది. టీచరమ్మ భర్త మాత్రం తప్పించుకోలేకపోయాడు, ఆయనది ఆ కుప్పే. "కోవిడ్‌లో మూడు విడతల డీఏ ఆపారు, పద్దెనిమిది నెలలు. ఆ బకాయి ఇవ్వం పొమ్మన్నారు. మా గింజ అప్పుడే తీశారు" అని మొహం ముడుచుకున్నాడు.

గంట గడిచేసరికి పక్కన పెట్టిన గింజలు రెండు. రెండూ 'ఇతర ఖర్చులు' కుప్పలోవి. దాని దగ్గర మాత్రం ఎవరూ చెయ్యి పట్టుకోలేదు, ఆ పేరు వింటే మనిషెవరూ కళ్ల ముందుకు రారు కనక.

మనమే ఇంతా అనుకుని రాత్రి మా అబ్బాయితో అంటే, అమెరికాలో యాభై ఏళ్లకు పైగా దీని మీద సర్వే ఉంది నాన్నా అన్నాడు. జనరల్ సోషల్ సర్వే అట. ఒక్కో పద్దు పేరు చెప్పి, దీని మీద ప్రభుత్వం ఎక్కువ ఖర్చు పెడుతోందా, తక్కువా, సరిపడానా అని అడుగుతారు. ఖర్చు తగ్గించాలా అంటే ఔననే జనమే, చదువులు, వైద్యం అని పేరు పెట్టి అడిగేసరికి ఇంకా పెట్టాలంటారు. కొయ్యమని ఎక్కువమంది ఒప్పుకునేది విదేశాలకు ఇచ్చే సాయం. అది బడ్జెట్‌లో ఒక శాతం దగ్గర ఉన్న రోజుల్లో, జనం పావు వంతు ఉందనుకునేవారట. వాళ్లకు విదేశీ సాయం, మా నెల్లూరాయనకు ఎంపీల జీతాలు.

నెల్లూరాయన గురించి ఇంకొకటి చెప్పాలి. గ్యారంటీ పథకాల పేరెత్తితే ఒంటికాలి మీద లేస్తాడు. కర్ణాటకలో ఎన్నికల్లో మాటిచ్చిన ఐదు గ్యారంటీలకు 2025-26 బడ్జెట్‌లో 50 వేల కోట్లకు పైగా పెట్టారు, ఆ రాష్ట్ర బడ్జెట్ 4 లక్షల కోట్లు, అంటే ఎనిమిదిలో ఒక వంతు. ఆయన కోపంలో లెక్క ఉంది. మొన్న గురువారం ఆయన భార్య కూరగాయల సంచీతో కేఆర్ పురం నుంచి వచ్చి మా ముందే బస్సు దిగింది, చేతిలో జీరో టికెట్. "రోజూ మార్కెట్‌కు పోతున్నావా ఏంది?" అన్నాడాయన. "ఆటోకు నూట ఇరవై నువ్విస్తావా?" అందావిడ. 2023 జూన్‌లో ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయినప్పటి నుంచి వారానికి మూడుసార్లు పోతోందట, ఒంటరిగా, ఎవరినీ అడక్కుండా. ఇంట్లో కరెంటు బిల్లు కూడా 200 యూనిట్ల లోపే, సున్నా. ఆయన కాఫీ గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు. మేమెవరం నవ్వలేదు, మా ఇళ్లలోనూ బిల్లు సున్నాయే కదా.

అందరికీ చెప్పి కొయ్యబోతే రోడ్డెక్కుతారు. 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీల మీద జరిగిన ఊరేగింపు, పోలీసు కాల్పులు, పోయిన ప్రాణాలు మా తరం మర్చిపోదు.  చప్పుడు చెయ్యకుండా కోస్తే మాత్రం ఎవరికీ పట్టదు. 2013 జనవరి నుంచి డీజిల్ నెలకు యాభై పైసలు చొప్పున పెంచుకుంటూ పోయి, 2014 అక్టోబరుకల్లా దాని సబ్సిడీ లేకుండా చేశారు. ఏ ఊళ్లోనైనా బంద్ జరిగిందా యాభై పైసలకు? గ్యాస్ సంగతీ అంతే. 2015లో 'గివ్ ఇట్ అప్' అంటే నేను సబ్సిడీ వదులుకుని, ఆ మెసేజ్ నలుగురికీ చూపించుకున్నాను. 2020 వేసవిలో ధర పడినప్పుడు సబ్సిడీ సున్నా అయింది. ధర మళ్లీ పెరిగింది, మామూలు ఇళ్లకు సబ్సిడీ తిరిగి రాలేదు. వదులుకోని మా పక్కింటాయన ఆ సంగతి రెండేళ్లకు గానీ కనిపెట్టలేదు.

ఈ రెండూ కాక మూడో రకం కోత ఒకటుంది. అది పేపర్లో రాదు, ట్రెజరీ కౌంటర్ దగ్గర కనబడుతుంది. నా చేత్తో చేసిన పని కనక చెప్తున్నాను.

మార్చి నెల వచ్చిందంటే మాకు టెన్షన్. బిల్లులు కట్టలు కట్టలుగా వచ్చి పడతాయి, టోకెన్ నంబర్లు వేసి తీసుకుంటాం. ఆపైన ఫోన్ వస్తుంది. ఫలానా పద్దులు ఆపండి. కాగితం మీద ఉండదు, నోటిమాటే. మా భాషలో ఫ్రీజింగ్. జీతాలు ఆగవు, పెన్షన్లు ఆగవు. వడ్డీ సంగతి మా దాకా రానే రాదు, అది పైనే కట్టేస్తారు. ఆగేవి హాస్టళ్ల డైట్ బిల్లులు, స్కూలు మరమ్మతులు, చిన్న కాంట్రాక్టర్లవి, మధ్యాహ్న భోజనం వండేవాళ్లవి. మా బెంచీ మీద 'ఇతర ఖర్చులు' కుప్ప ఎందుకు తగ్గిందో, అక్కడ ఇవి ఆగేదీ అందుకే.

ఒక చిన్న ఊళ్లో ఉండగా ఒకామె వచ్చేది. డ్వాక్రా గ్రూపు మనిషి, బడిలో వంట చేసేది. మూడు నెలల బిల్లు పెండింగ్. కౌంటర్ బయట నిలబడి, కొంగులోంచి చిన్న నోటుపుస్తకం తీసి చూపించింది. శెట్టి అంగట్లో ఖాతా అది. కందిపప్పు, నూనె, కోడిగుడ్లు, తేదీల వారీగా. వెనక అట్ట లోపలివైపు వేరే రంగు పెన్నుతో ఇంకో లెక్క, నూటికి మూడు రూపాయల వడ్డీ. "గవర్నమెంటుకు దుడ్లు లేవంట గదా సార్, మరి నాకు యాడివి?" అంది. కోపంగా కూడా అనలేదు. నిజంగా అడిగింది. పిల్లలకు అన్నం ఆపిందా అంటే ఆపలేదు. నేను నా టేబుల్ మీద ఆమె టోకెన్ నంబరు చూసుకుని, వచ్చే వారం రామ్మా అన్నాను. అప్పటికి అలా అనడం మూడోసారి.

ప్రభుత్వ లెక్కలు నగదు లెక్కలు. డబ్బు బయటికి పోతేనే ఖర్చు. ఆమె బిల్లు పాస్ కాలేదు కనక ఆ ఏడాది ఖర్చు కాలేదు, ఖర్చు కాలేదు కనక లోటు ఆ మేరకు తగ్గింది. పైన ఎవరో ఆ అంకె చదివి పొదుపు బాగుంది అనుకుని ఉంటారు. ప్రభుత్వం ఏడో ఎనిమిదో శాతానికి తెచ్చుకోగలిగిన అప్పును, ఆమె ఏడాదికి 36 శాతానికి శెట్టి దగ్గర తెచ్చింది. బ్యాంకాయనకు ఇది చెప్తే చాలాసేపు ఏం మాట్లాడలేదు. మాట్లాడకపోవడం ఆయనకు అలవాటు లేదు.

గట్టిగా అడిగేవాళ్లదైతే కథ వేరేగా నడుస్తుంది. 2020లో కోవిడ్ వేళ ఆంధ్రప్రదేశ్‌లో జీతాలు, పెన్షన్లలో కొంత భాగం ఆపారు. రిటైరైన జిల్లా జడ్జి ఒకరు కోర్టుకు వెళ్లారు. హైకోర్టు 12 శాతం వడ్డీతో ఇమ్మంది, 2021లో సుప్రీంకోర్టు దాన్ని 6 చేసింది. ఆపిన డబ్బు వడ్డీతో సహా బయటికొచ్చింది. వంటామె ఏ కోర్టుకు వెళ్తుంది? బిల్లు వచ్చిన రోజు కూడా నూటికి మూడు రూపాయలు ఆమె జేబులోంచే పోయాయి.

అందుకని నేను ఖర్చు తగ్గించొద్దనేవాణ్ణి కాదు. అందరూ అలాగే అనుకుంటారు ఈ మాట విని. అనవసరపు బిల్లులు నేను చూసినన్ని చూసినవాళ్లు తక్కువ. ఒకే గోడకు రెండుసార్లు సున్నం వేసిన బిల్లులు, మార్చి 30న కొన్న కుర్చీలు. నెల్లూరాయనకన్నా కోపం నాకే ఎక్కువ ఉండాలి. కాకపోతే ఏ పద్దు కోస్తున్నారో సభలో పేరు చెప్పి, జీవో ఇచ్చి కొయ్యమంటాను. 1996లో కిలో రెండు రూపాయల బియ్యాన్ని మూడున్నర చేశారు, జనం తిట్టారు, కానీ అది అందరికీ తెలిసే జరిగింది. 2008లో మళ్లీ రెండుకు తెచ్చారు, అదీ తెలిసే జరిగింది. తిట్టడానికైనా మొక్కడానికైనా ఒక మనిషి కనబడ్డాడు. కౌంటర్ దగ్గర నన్ను నిలబెట్టి, వచ్చే వారం రామ్మా అనిపించి కోసే కోతకు మాత్రం మొహం ఉండదు. దానికి మొహం నాదే, అదే బాధ.

శుక్రవారం పార్కులో రైతు అడిగాడు, "ఇంతకీ నువ్వు ఏ గింజ తీస్తావు సార్?" పెన్షన్లో పెద్ద మొత్తాలు వచ్చేవాళ్లకు పెంపు కొంచెం తగ్గించినా తప్పులేదు అన్నాను. అలా అనాలని రెండు రోజుల నుంచి అనుకుంటున్నదే. టీచరమ్మ భర్త నన్ను కొరకొరా చూసి కాఫీ డబ్బులు తనవి తనే ఇచ్చుకున్నాడు. బై టూలో సగం ఎంతో లెక్క తేలక దర్శిని కుర్రాడు చిల్లర కోసం తంటాలు పడ్డాడు.

ఇంటికొచ్చేసరికి మా పెన్షనర్ల సంఘం గ్రూపులో మెమొరాండం వచ్చి ఉంది. డీఆర్ (పెన్షనర్లకిచ్చే డీఏ) బకాయిలు వెంటనే విడుదల చెయ్యాలి, ఒప్పుకున్నవాళ్లు పేరు, పీపీఓ (పెన్షన్ ఆర్డరు) నంబరు పెట్టండి అని. అప్పటికే నూట నలభై పేర్లు ఉన్నాయి. మా ఆవిడ వెనక నుంచి చూసి, "ఏం చేస్తారు?" అంది. జేబులోంచి గింజలు తీసి బల్ల మీద పోశాను, కళ్లజోడు పెట్టుకున్నాను, నూట నలభై ఒకటో పేరు నాది పెట్టాను.